మూడు వారాల సెలవులు, నలభై కిలోల దుంపలు

హెండ్రికా అరవై అయిదో పుట్టినరోజుకి ముందుగదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్ళు అక్కడి ఆచారం ప్రకారం కుర్చీ కుర్చీకీ తిరిగి చేతులు కలుపుతూ, మీ అక్క పుట్టినరోజు శుభాకాంక్షలు, మీ అమ్మ పుట్టినరోజు శుభాకాంక్షలు అని చెప్పుకున్నారు. పక్కింటి బెరెండ్‌కైతే మీ పక్కింటావిడ పుట్టినరోజు శుభాకాంక్షలని చెప్పి కూర్చున్నారు. ఒకసారి కూర్చున్నాక ఇక లేవడమంటూ ఉండదు. పక్కన ఎవరు పడితే వాళ్ళతోనే మధ్యాహ్నమంతా గడవాలి. అందుకే హెండ్రికా కూతురు ఫెన్నా అందరికంటే ముందొచ్చి, లుబ్బర్ట్ మావయ్య పక్క కుర్చీలో కూర్చుంది.

కోరి ఎవరూ కూర్చునే కుర్చీ కాదది. లుబ్బర్ట్ హెండ్రికాకి తమ్ముడు. ముప్ఫై ఏళ్ళు జర్మనీ సరిహద్దు పక్కనున్న ద్రెంతె జిల్లా ఊళ్ళ మధ్య పాల లారీ తోలి, రెండేళ్ళ కింద పని మానేశాడు. పాలు పోయించుకునే చోటల్లా ఆగి కబుర్లు చెప్పడం అలవాటైన నోరు, పని మానేసినా ఊరుకోలేదు. ఆయన చెప్పేదాంట్లో సగం తీసేస్తే మిగతా సగం పనికొస్తుందని ఫెన్నా చిన్నప్పుడే కనిపెట్టింది. ఇవాళ ఆ మిగతా సగంతో ఆమెకి పనుంది.

ఆమె భర్త వోల్టర్ పనిచేసే, గాజు కప్పు కింద పూలు పెంచే తోట మార్చిలో మూతపడింది. అప్పటినుంచీ దొరికిన రోజు కూలికి వెళ్తున్నాడు, ఇవాళ కూడా వెళ్ళాడు. వేసవి సెలవులు ఇంకో ఆరు వారాల్లో ఉన్నాయి. మేడమీద ఆడుకుంటున్న ఇద్దరాడపిల్లలూ ఈసారి ఎక్కడికెళ్తున్నామని రోజూ అడుగుతున్నారు. బడి తెరిచిన మొదటిరోజు పిల్లలందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎక్కడికెళ్ళొచ్చావని టీచరు ఒక్కొక్కరినీ అడుగుతుంది. అప్పుడు పెద్దపిల్ల ఇల్స ఏం చెబుతుందన్నది ఫెన్నా బెంగ. ఎక్కడికీ వెళ్ళడం లేదని పిల్లలకీ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. అలాంటప్పుడు, మావయ్య పోయినేడు మూడు వారాలు ఫ్రాన్సులో సముద్రం దగ్గరుండి నూట పన్నెండు యూరోల ఖర్చుతోనే తిరిగొచ్చాడని విన్నది. అదెలాగో తెలుసుకోవాలని ఆమె ప్రాణం పీకుతోంది.

కాఫీ, దానితో ఒక్కొక్క కేకు ముక్క వచ్చాయి. ఫెన్నా మెల్లిగా కదిపింది.

"మావయ్యా, పోయినేడు ఫ్రాన్సు వెళ్ళొచ్చారటగా, అంత తక్కువలో ఎలా అయిందసలు?"

లుబ్బర్ట్ కేకు ముక్క కిందపెట్టాడు. కేకు కిందపెట్టాడంటే చాలాసేపు పడుతుందని అందరికీ తెలుసు. హెండ్రికా నిట్టూర్చింది. ఆయన భార్య రూలీ అత్తయ్య ఎదురు కుర్చీలో అల్లికలోంచి తలెత్తలేదు.

"అడగాల్సిన మాట అడిగావమ్మాయ్. జనం సెలవులకి వెళ్ళేది డబ్బు తగలెయ్యడానికే అనుకుంటారు, అక్కడే వస్తుంది తంటా. మేం ఏం చేశాం, బయల్దేరే ముందు, కారు వెనక తగిలించుకెళ్ళే మా ఇల్లుబండి, ఆ క్యారవాన్లో నలభై కిలోల బంగాళాదుంపలు వేసుకున్నాం, మన ఇసక నేలలో పండినవి, కాఫీపొడి, జున్ను, వేరుశనగ ముద్ద, ఆఖరికి మరుగుదొడ్డి కాగితం కూడా ఇక్కణ్ణుంచే. ఫ్రాన్సువాడి దుకాణంలో మేం కాలు పెట్టలేదు, ఒక్కసారి పెట్టాం, అదీ లోపల చల్లగా ఉంటుందని."

ఇది నమ్మొచ్చు అనుకుంది ఫెన్నా. నలభై కిలోలంటే ఇరవై అయినా నిజమై ఉంటుంది. తమ పాత కారు వెనక ఇరవై కిలోల దుంపలు పడతాయా అని మనసులో సర్దిచూసింది.

"మరి పెట్రోలు?"

"అక్కడికే వస్తున్నా. లక్సెంబర్గులో పెట్రోలు చవకని అందరికీ తెలుసు, అందరూ ట్యాంకు నింపుకుంటారు, వెళ్ళిపోతారు. నేను ట్యాంకు నింపా, రెండు డబ్బాలు నింపా, నీళ్ళ బిందె నింపా, కాఫీ కెటిలు నింపా, మీ అత్తయ్య నడుంనెప్పికి పెట్టుకునే వేణ్ణీళ్ళ రబ్బరు సంచీ ఉంటుందే, అదీ నింపా. బంకువాడు చూసి చూసి, అయ్యా, మీరు ఊరికెళ్తున్నారా, బంకు పెడుతున్నారా అని అడిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందులో ఒక్క చుక్క కూడా వాడలేదు."

"తాగేశారా ఏం?" అన్నాడు బెరెండ్.

"నవ్వండి, నవ్వండి. ఫ్రాన్సులో దిజాన్ ఊరు దాటాక లోయలో గాలి మొదలైంది, ఉత్తరపు గాలి, మా వీపు మీదికి. నేను బండి ఆపి, క్యారవాన్ ముందు కట్టే గుడారం గుడ్డ ఉంటుంది చూడు, ఆరు మీటర్లది, దాన్ని తెరచాపలా పైకెత్తి కట్టా. ఇంజిను ఆపేశా. ఒట్టు, గంటకి తొంభై. జర్మనులు పెద్దపెద్ద కార్లలో వెళ్తున్నారు, వాళ్ళని దాటేస్తుంటే వాళ్ళ పిల్లలు అద్దాలకి ముక్కులు ఆనించి చూశారు. టోలు గేటు దగ్గర పోలీసు ఆపాడు. నేనన్నా, అయ్యా, ఇంజిను నడవట్లేదు, తెరచాప ఉంది, ఇది పడవ, పడవకి మీ టోలు పట్టికలో రేటెంతో చూపించండి అన్నా. వాడు పుస్తకం మొత్తం తిరగేశాడు. పడవ లేదు. దణ్ణం పెట్టి గేటెత్తాడు."

కుర్చీల వలయంలో ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. ఫెన్నా నవ్వలేదు. సగం తీసెయ్యాలన్న లెక్క ఈ మాటలకి సరిపోదని తెలుస్తూనే ఉంది. అయినా పెద్ద రోడ్డు వదిలి టోలు లేని ఊళ్ళ దారిన వెళ్ళి ఉంటాడు, గాలి కబురు దాని మీద పూత అనుకుంది. అవసరం మనిషిని ఎంతకైనా సర్దుకునేలా చేస్తుంది. ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"బళ్ళు నిలుపుకునే క్యాంపింగులో చోటుకి బాడుగ ఉంటుందిగా? నలుగురికైతే ఎక్కువవుతుందేమో."

నలుగురన్న మాటకి హెండ్రికా కూతురివైపు ఒకసారి చూసింది. లుబ్బర్ట్ చూడలేదు, ఆయన బండి అప్పటికే వాలులో పడింది.

"నలుగురైతే ఇంకా చవకమ్మాయ్, మనుషులు పెరిగేకొద్దీ మిగులు పెరుగుతుంది, అది తెలియకే జనం ఇళ్ళలో కూర్చుంటున్నారు. విను. ఆ క్యాంపింగు ఓనరమ్మ, ఎంత నేల ఆక్రమిస్తే అంతకే డబ్బు అంది. సరేనన్నా. జేబులోంచి టేపు తీశా. క్యారవాన్ నేలని ఎక్కడ ఆనుకుంటోంది? రెండు చక్రాలు, ముందర ఒక చిన్న చక్రం. మూడు అరచేతులంత చోటు. మిగతాదంతా గాల్లో ఉంది, గాలికి బాడుగుందా అని అడిగా. ఆవిడ కూడా కూర్చుని కొలిచింది, ఒప్పుకుంది, మూడు వారాలకి రెండు యూరోల నలభై సెంట్లు."

"నలభై సెంట్లు కూడా ఎందుకిచ్చావ్?" అంది హెండ్రికా.

"మర్యాదకి అక్కా. మనం మరీ పిసినార్లమనుకోకూడదు కదా." ఆయన ఒక గుక్క కాఫీ తాగాడు, అంతే, ఆగితే ఎవరైనా మాట అందుకుంటారని భయం. "ఇక ఎండ. అక్కడ ఎండ ఎలాంటిదంటే, గొడుగులు కరిగిపోతున్నాయి. మా పక్కన బెల్జియం వాళ్ళు చెట్టులేని చోట దిగారు. మధ్యాహ్నం మూడింటికి మా క్యారవాన్ నీడ వాళ్ళ చోట్లోకి వెళ్ళింది. వాళ్ళు కుర్చీలు తెచ్చి అందులో కూర్చున్నారు. నేను వెళ్ళి మర్యాదగా, ఈ నీడ ఎక్కణ్ణుంచి వచ్చిందో గమనించారా అన్నా. మనిషికి గంటకి ఒక యూరో. ఆరింటికి నీడ పొడుగైంది, పదమూడు కుటుంబాలు. ఏడింటికి పక్క క్యాంపింగు దాకా వెళ్ళింది, వాళ్ళు వంతులేసుకుని కూర్చున్నారు. రోజూ నేను బండిని అంగుళం అంగుళం తిప్పుతూ ఉండేవాణ్ణి, నీడ వృథా పోకుండా."

"ఆ క్యాంపింగు పేరేమిటి మావయ్యా?" అంది ఫెన్నా.

"పేరుకేంలే, అన్నీ ఫ్రెంచి పేర్లు, నోరు తిరగదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వేడికి దుంపలు మొలకెత్తాయి. మేం చూసుకోలేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి తీగలు కిటికీల్లోంచి బయటికొచ్చి పైకప్పంతా అల్లుకున్నాయి, పూలు పూశాయి. మూడో వారం తవ్వుకున్నాం."

"పైకప్పు మీద ఏం తవ్వుతావయ్యా?" అన్నాడు బెరెండ్.

"లోపల మంచాల కింద తవ్వాం, పరుపు దూది మంచి ఎరువు. నాలుగొందల కిలోలు! ఫ్రాన్సువాళ్ళు గిన్నెలు పట్టుకుని వరసకట్టారు, అలాంటి దుంప వాళ్ళు జన్మలో తినలేదు. ఓనరమ్మ వచ్చి చేతులు పట్టుకుని, ఇంకో వారం ఉండండి, ఎదురు డబ్బు మేమే ఇస్తాం అంది. నూట పన్నెండు తీసుకెళ్ళి ఆరువందల నలభై తెచ్చాను. శీతాకాలంలో పన్నులవాళ్ళు ఉత్తరం రాశారు, మీరు విహారానికి వెళ్ళారా, వ్యాపారానికా అని. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

గది గొల్లుమంది. తీసేయగా తీసేయగా ఫెన్నా చేతిలో మిగిలింది ఏమీ లేదు. ఆయన మీద కోపం వచ్చింది. ఈ మధ్యాహ్నం మీద ఇంత ఆశ పెట్టుకున్నందుకు తన మీద ఇంకా కోపం వచ్చింది. అయినా ఆమె ఆఖరి ప్రశ్న అడిగింది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది.

"అయితే మావయ్యా, ఈ జూలైలో మా నలుగుర్నీ మీతో తీసుకెళ్ళండి. మనుషులు పెరిగితే మీకే లాభమన్నారుగా. పిల్లలు దుంపలు ఇష్టంగానే తింటారు."

నవ్వులు ఆగిపోయాయి. నలుగురిలో అడిగింది కదా, కాదనడానికీ లేదు, అవుననడానికీ లేదు. లుబ్బర్ట్ నోరు తెరిచాడు. కేకు ముక్క చేతిలోకి తీసుకుని, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఈ ఏడు... బండికి కొంచెం... చూడాలమ్మాయ్."

అప్పుడు రూలీ అల్లిక ఒళ్ళో పెట్టుకుంది.

"దుంపలు నిజం" అంది. "నలభై కిలోలూ నిజమే. మిగతాదేదీ కాదు."

"రూలీ" అన్నాడు లుబ్బర్ట్ నెమ్మదిగా.

"ఆ పిల్ల ఊసుపోక అడగడం లేదండీ, మీకు కనపడ్డం లేదా?" రూలీ ఫెన్నావైపు తిరిగింది. "పోయినేడు మే నెలలో కారు క్లచ్చి పోయిందమ్మా. సెలవులకి దాచిందంతా దానికే అయిపోయింది. ఈయన అప్పటికే ఊరంతా ఫ్రాన్సని చెప్పేసుకున్నారు. క్యారవాన్ ఒక రైతు షెడ్డులో ఉంటుంది, మన ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. అక్టోబరు దాకా షెడ్డు బాడుగ ముందే కట్టేశాం. కట్టిన బాడుగ వృథా చెయ్యడమెందుకు? దుంపలు వేసుకుని వెళ్ళి, తలుపు వేసుకుని, షెడ్డులోనే ఉన్నాం. మూడు వారాలు. ఒక పక్క ఎవరిదో పడవ, ఇంకో పక్క ఎవరివో క్యారవాన్లు. కుర్చీలు బయట వేసుకునేవాళ్ళం, బయటంటే అదీ షెడ్డు లోపలే. తెలిసినవాళ్ళు చూస్తారని పాలకి కూడా సైకిలు మీద సరిహద్దు దాటి జర్మనీ వెళ్ళేవారు ఈయన. తిరిగొచ్చాక, ఎండకి కమలకుండా ఒళ్ళు తెల్లగానే ఉందేమని అందరూ అడిగారు. నీడలో కూర్చున్నామన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది ఆ నీడ కథ."

ఎవరూ నవ్వలేదు. లుబ్బర్ట్ చెవులు ఎర్రగా కందిపోయాయి. ఆయన తన బూట్లవైపే చూస్తున్నాడు. ఫెన్నాకి ఇందాకటి కోపం పోయి, ఆ మూడు వారాల సంగతి తెలుసుకోవాలనిపించింది.

"ఎలా ఉండింది అత్తయ్యా, అక్కడ?"

రూలీ ఒళ్ళోని ఊలు ఉండ సర్దుకుంది.

"బావుంది. మొదటి రెండు రోజులూ గింజుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు. కోతలు కొయ్యడానికి అక్కడ మనిషి లేడుగా, అందుకని నాతో నిజాలే మాట్లాడారు. పని మానేశాక పొద్దున్నే లేవడానికి కారణం కనపడ్డం లేదని చెప్పారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఎప్పుడూ అంత మాట్లాడుకోలేదు మేం."

ఫెన్నా తల్లివైపు చూసింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"మేమూ ఎక్కడికీ వెళ్ళడం లేదమ్మా. వోల్టర్‌కి పని దొరకలేదు. పిల్లలకి ఇంకా చెప్పలేదు. ఇల్స రోజూ అడుగుతోంది, నేను చూద్దాం చూద్దాం అంటున్నాను."

హెండ్రికా లేచింది. ఆ వలయంలో మధ్యలో లేవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గది దాటి వచ్చి కూతురి కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. తలా ఒకటి పంచి మూతపెట్టి దాచేసిన బిస్కట్ల డబ్బా తెరిచి, బెరెండ్ చేతికిచ్చి, అందరికీ మళ్ళీ పంచమంది.

డబ్బా లుబ్బర్ట్ దాకా వచ్చింది. ఆయన తీసుకోలేదు. బూట్ల మీంచి తలెత్తాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు, ఫెన్నా ఎప్పుడూ వినని గొంతది.

"ఆ క్యారవాన్లో నాలుగు పడకలున్నాయి. షెడ్డు రైతుకి చెరువు పక్కన పచ్చికబయలుంది, అడిగితే ఊరికే ఉండనిస్తాడు. పిల్లలు ఈత కొట్టొచ్చు. ఫ్రాన్సు కాదనుకో."

"చెరువు లోతెంత?" అంది ఫెన్నా.

కుర్చీలన్నీ ఆయనవైపే చూశాయి. లుబ్బర్ట్ చెయ్యి పైకి లేచింది, గాల్లో ఒక్క క్షణం ఆగింది, మెల్లిగా దిగి ఆయన నడుం దగ్గర ఆగింది.

"ఇంతే" అన్నాడు. "శనివారం వోల్టర్‌ని తీసుకురా. క్యారవాన్ టైర్లలో గాలి లేదు, షెడ్డులో దాని ముందు వరసలో వేరేవాళ్ళ బళ్ళు మూడున్నాయి. దాన్ని బయటికి లాగడం నా ఒక్కడివల్ల కాదు."