ఆవగింజంత నోళ్లు

శ్యామ్‌బజార్‌లోని ఆ ఇంటికి బుల్లి చేపలొచ్చి వారమైంది. అవి ఏమీ తినడం లేదు. ఆదివారం సంత నుంచి వచ్చిన కోడలు మంచుబిళ్లలోంచి చిన్న ముక్క విరిచి గిన్నె నీళ్లలో వేసింది. అత్తగారు వెనకే వచ్చి నిలబడ్డారు. కోడలిని ఆవిడ బెంగాలీ పద్ధతిలో 'బౌమా' అనే పిలుస్తారు.

"ఇదేమిటి బౌమా?"

"రొయ్య పిల్లలమ్మా. అప్పుడే పుట్టినవాటిని గడ్డకట్టించి అమ్ముతారు."

"మొన్నటి ఎర్ర పురుగులూ గడ్డకట్టించినవేగా?"

"ఈ చేపలే గోరంత లేవు. వాటికి ఆ పురుగు మీ చేతికర్రంత."

"పొడి వేశావు, ముట్టలేదు. పురుగు వేశావు, ముట్టలేదు. ఇవాళా తినకపోతే సాయంత్రం వీటిని తొట్టితో సహా సంతలో ఇచ్చేసి రావాలి."

"అలాగే. కానీ తింటాయి."

"ఏమిటంత ధీమా?"

"పొద్దున భూతద్దం పెట్టి నోళ్లు చూశాను. ఆవగింజంత కూడా లేవు. ఇవైతే పడతాయి."

"మా వంశంలో చేపల్ని తిన్నవాళ్లే గాని, చేపలకు తినిపించినవాళ్లు లేరు."

కోడలు నవ్వి, ముక్క కరిగిన నీటిని చుక్కల గొట్టంతో పీల్చి తొట్టిలో నెమ్మదిగా వదిలింది. నారింజ రంగు నలకలు తేలుతూ కిందికి దిగాయి. ఆకుచాటు నుంచి ఎర్రచారల చేప ఒకటి వచ్చి, కాసేపు చూసి, ఒక నలకను గుటుక్కున మింగింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది.

అత్తగారు కళ్లజోడు తుడిచి పెట్టుకుని ముందుకు వంగారు.

"ఆ మూలనున్నదానికి అందలేదు బౌమా. గొట్టం ఇటివ్వు."