ఇనుప గోడకి వాల్‌పుట్టీ

(జనాన్ని దాటించే లాంచి నడినీళ్ళలో ఉంది. అడుగున ముందొక గది, వెనకొక గది, మధ్యలో ఇనుప గోడ. పైకి వెళ్ళే మెట్లు వెనక గదిలోనే ఉన్నాయి. ముందు గదిలోకి నీళ్ళొస్తున్నాయి. అక్కడ మామ తలుపు బిగించుకుని ఉన్నాడు. ఇవతల అల్లుడు.)

"తలుపు తియ్యండి మామయ్యా! తియ్యండి!"

"గడియ ఇటే ఉంది, నీ వైపు లేదు. నాకిష్టమైతే తీస్తా. అరవకు, చిల్లు దగ్గర మూతి పెట్టి మాట్లాడు."

"ఏ చిల్లు?"

"ఏ చిల్లా? ఎన్ని పొడిచావేంటి? సరిగ్గా నా మూతి ఎత్తున పొడిచావుగా, ఫ్యాను వైరు కోసమని!"

"మీరా గదిలో ఉక్కకి అల్లాడిపోతున్నారని మీ అమ్మాయే చెప్పింది. అందుకని..."

"నేనడిగానా? ఫ్యాను కావాలని నేనడిగానా నిన్ను?"

"లేదు."

"పోనీ, పొడిచినవాడివి సరిగ్గా మూశావా? వైరు చుట్టూ ఏం మెత్తావు?"

"అదీ..."

"చెప్పండి అల్లుడుగారూ! తమరు ఏం మెత్తారు?"

"వాల్‌పుట్టీ."

"ఆహా! ఇనుప గోడకి వాల్‌పుట్టీ! వేలితో ఇలా అన్నానో లేదో, వైరుతో సహా ఊడి చేతిలోకొచ్చింది."

"ఇళ్ళల్లో అదే పెడతామండీ."

"ఇది ఇల్లా? కళ్ళున్నాయా నీకు?"

"గోడే కదా అనుకున్నా. సామాన్లు విడివిడిగా పెట్టుకోడానికి అడ్డం కట్టారేమో అని..."

"సామాన్లకట! దీన్ని బల్క్‌హెడ్ అంటారు."

"బల్కెడ్డు."

"నోరు కూడా తిరగదు! ఇంట్లో గోడ పక్కవాళ్ళ గొడవ వినపడకుండా కట్టుకుంటారు. పడవలో గోడ, ఒక గది పోయినా మిగతావి తేలడానికి. విమానంలోనూ ఉంటుంది, లోపలి గాలి బయటికి పోకుండా. గనుల్లోనూ కడతారు, నీళ్ళు పక్క సొరంగంలోకి రాకుండా. ఎక్కడున్నా దాని పని ఒకటే. ఇటున్నది అటు పోకూడదు. దానికి బొక్క పెట్టిన మొనగాడివి నువ్వు!"

"తప్పైపోయింది. ముందు తలుపు తియ్యండి, నేనూ వచ్చి..."

"వచ్చి ఏం చేస్తావు? ఇంకో ఫ్యాను పెడతావా?"

"నీళ్ళెంతున్నాయి లోపల?"

"చీలమండలు తడిశాయి."

"అంతేనా?"

"అంతే. పంపు తోడేస్తోంది."

"పంపు చప్పుడు వినపడటం లేదే?"

"నీ చెవులూ నీ చేతుల్లాంటివే. సరంగుకి చెప్పావా, ఒడ్డుకి తిప్పమని?"

"తిప్పాడు. కాస్త టైము పడుతుందన్నాడు."

"జనం?"

"కంగారు పడుతున్నారు. మీ అమ్మాయి అందర్నీ వెనక్కి జరిపి కూర్చోబెట్టింది. నాన్నేడీ, నాన్నేడీ అని నా ప్రాణం తీస్తోంది."

"ఏం చెప్పావు?"

"కింద పని చూసుకుంటున్నారని."

"ఇన్నాళ్ళకి ఒక్క తెలివైన మాట అన్నావు. సరే, అక్కడ పార ఉందా?"

"ఉంది."

"దాని పిడి విరగ్గొట్టు. గుడ్డ చుట్టి ఈ చిల్లులో పెట్టి, సుత్తితో దిగ్గొట్టు."

"చిల్లు మూసేస్తే మనం మాట్లాడుకునేదెలా?"

"నీతో మాటల్లేవని బెంగపడతాననుకున్నావా? పెళ్ళైన దగ్గర్నుంచీ నీ నోటివెంట పనికొచ్చే ముక్క ఒక్కటి వినలేదు."

"అంత చేదయ్యానా మీకు?"

"చేదైతే మందుకైనా పనికొస్తుంది. నువ్వు దేనికీ పనికిరావు. నీలో ఏం చూసి చేసుకుందో, దాని ఖర్మ!"

"ఆ మాటేదో నా మొహం మీద అనండి! తలుపు తీసి అనండి!"

"నీ మొహం చూడాలని లేదు. పిడి విరిచావా?"

"విరిచా."

"గుడ్డ?"

"చుట్టా."

"మరి కొట్టవేం?"

"కొట్టను. మీరు బయటికొస్తేనే కొడతా."

"చెప్పిన పని చెయ్యడం కూడా చేతకాదు నీకు!"

"చీలమండల దాకే నీళ్ళుంటే ఇంత పైనున్న చిల్లు మూయడానికి తొందరేంటి?"

"ప్రతిదానికీ ఎదురు ప్రశ్న! కొట్టమన్నానా?"

"లోపల చీకటిగా ఉంది. లైటేమైంది?"

"నువ్వు తెచ్చిన బల్బేగా. మాడిపోయింది."

"మీ గొంతు వణుకుతోంది మామయ్యా."

"నీ తెలివి చూసి నవ్వొచ్చి."

"ఉండండి. ఈ గోడేంటి ఇలా ఉంది? ఇక్కడ పైన వెచ్చగా ఉంది. కింద చల్లగా, చెమటలు పట్టి ఉంది."

"గోడ మీంచి చెయ్యి తియ్యి."

"ఆ చల్లదనం నా భుజాల దాకా ఉంది! మామయ్యా! చీలమండలన్నారు! మామయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, తలుపు తియ్యండి!"

"తీస్తే నీ గది నిండుతుంది, ఆ తర్వాత లాంచి పోతుంది. పైన నా కూతురుంది. అవతల నువ్వున్నావు. ఏడుపు తర్వాత, అల్లుడూ. నా నోరు మునిగేలోపు ఆ చిల్లు మూసెయ్."