గాలి మర

ఆపరా బాబూ, ఆపు. ఆ తాడు అలా గుంజితే తెగి నీ చేతికొస్తుంది గానీ మోటారు లేవదు. పెట్రోలు వాసన ఇక్కడిదాకా గుప్పుమంటోంది, దానికి ఎక్కువ తాగించేశావు. కాసేపు ఆరనీ. రా, ఇలా వచ్చి ఈ రాయి మీద కూర్చో. పొద్దున్నే దాన్ని తన్నడమెందుకు, అదేమైనా నీ బామ్మర్దా? మా అన్న బెలయోంగ్ ఉండుంటే నీ చెయ్యి పట్టుకుని పక్కకి లాగేసేవాడు. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టేసరికే పోయాడు. ఈ ఏటి పొడుగునా ఎవరి మోటారు మొండికేసినా కబురు ఆయనకే. "బెలయోంగూ, మాది దగ్గుతోందిరా", "బెలయోంగూ, మాది ఉలకదు పలకదురా." అంతే, అన్నం ముందు కూర్చున్నవాడు కూడా లేచిపోయేవాడు. దాని మీద చెవి ఆనించి వినేవాడు. మనిషి మాట మాత్రం వినేవాడు కాదు, అది వేరే సంగతి. ఏం చెప్తున్నాను? ఆఁ, వదిన.

మా వదిన పేరు జారా. కింది ఊరి పిల్ల. పొట్టిగా, గట్టిగా ఉండేది. నోరంటావా, అబ్బో! మన పదహారు గుమ్మాల, పదహారు కాపురాల పొడుగింట్లో ఈ చివర మాట్లాడితే ఆ చివర కుక్కలు లేచేవి. కానీ ఇద్దరూ ఏట్లోకి దిగుతుంటే చూడాలిరా. మోటారు ఆయన భుజాన, పెట్రోలు డబ్బా ఆవిడ వీపు మీద బుట్టలో. రోజూ సాయంత్రం పైకి మోసుకురావడం, పొద్దున్నే కిందికి దించడం. పడవెక్కాక ఆయన వెనక మోటారు దగ్గర, ఆవిడ మధ్యలో డబ్బా పక్కన. "ఊఁ" అనేది. అప్పుడు ఈయన తాడు లాగేవాడు. ఆ "ఊఁ" ఏమిటో మేమెవరం అడగలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య సవాలక్ష ఉంటాయి.

గొడవెక్కడొచ్చిందంటే, ఆ ఏడు కోతలప్పుడు వానపట్టింది. కొండ మీద వరి పండి నిలబడుంది. వదిన ఒక్కతే కోస్తోంది. ఈయన ఎక్కడ? కింది ఊళ్ళో ఎవడిదో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. సగం గింజ తడిసి మొలకెత్తేసింది. అప్పుడొచ్చాడు, మోటారు బాగు చేసినందుకు వాళ్ళిచ్చిన కోడిపెట్టని చంకలో పెట్టుకుని, నవ్వుకుంటూ. వదిన ఆ కోడిని చూసింది, ఈయన్ని చూసింది. "నువ్వు ఊళ్ళో మోటార్లన్నిటికీ మొగుడివి, నాకు మాత్రం చుట్టానివి" అంది. అంతే, బట్టలు మూట కట్టుకుని సంత రేవులో వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ అన్న సముద్రం ఒడ్డున కలప కోసే చోట పనికి పోతున్నాడు. వదిన కబురు పంపింది. "పున్నమి మర్నాడు లాంచి కదిలేలోపు నువ్వు రేవులో కనిపిస్తే ఇంటికొస్తాను. కనిపించకపోతే అన్నతో వెళ్ళిపోతాను, మళ్ళీ నా జోలికి రాకు" అని. ఆ కబురొచ్చిన రోజు నుంచీ మా అన్నకి నిద్ర లేదు. పెళ్ళాం కోసం మగాడు ఏడవడం నేను ఆయన్నే చూశాను.

పున్నమి మర్నాడు తెల్లారగానే ఏట్లోకి దిగాం. నేను ముందు తెడ్డు పట్టుకున్నాను, ఆయన వెనక. మా అమ్మ అరుగు మీంచి అరుస్తోంది, "ఒరేయ్, అన్నం పెట్టాను, ముట్టుకునైనా వెళ్ళండిరా!" అని. ఆయన వింటేనా! ఒక్క లాగుకే మోటారు లేచింది. అదిగో, ఆ వంపు దగ్గరికి వెళ్ళేసరికి దగ్గింది, చచ్చింది. ఇంక లాగు, లాగు, ఊహూఁ. ఒడ్డున అమ్మ గుండెలు బాదుకుంటోంది. "పుని! పుని దోషం పట్టింది! పెట్టిన అన్నం ముట్టకుండా పోతే ఏమవుతుందో తెలీదా? రండి వెనక్కి!" సరే, తెడ్లేసుకుంటూ వెనక్కొచ్చాం. ఆయన వెళ్ళి అన్నాన్ని వేలితో తాకి, ఆ వేలు నోట్లో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఈలోపు నేను పెట్రోలుందో లేదోనని డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశాను. ఆయనొచ్చి లాగాడు. లేచింది! అమ్మ మొహం చూడాలి, గెలిచినట్టే. మళ్ళీ అదే వంపు. మళ్ళీ చచ్చింది.

ఆ రెండోసారి లేవడమే మా కొంప ముంచింది. అసలు లేవకపోయుంటే అప్పుడే తెడ్లేసుకుని పోయేవాళ్ళం. లేచింది కదా, మళ్ళీ లేస్తుందిలే అని ఆశ. పోనీ ఇంకో మోటారు తీసుకుందామంటే, మిగతావాళ్ళవన్నీ విప్పేసి మా అన్న అరుగు మీదే పడున్నాయి, బాగుచెయ్యడానికి! పడవ ఒడ్డుకి లాగి, గులకరాళ్ళ మీద తువ్వాలు పరిచి ప్లగ్గు విప్పాడు, తుడిచాడు, కార్బురేటర్ విప్పి ఊదాడు. ఎవరి మోటారైనా కళ్ళు మూసుకుని విప్పేవాడు, ఆ రోజు విప్పిందే మళ్ళీ విప్పాడు. మర ఒకటి నీళ్ళలో పడితే ఇద్దరం వెతుక్కున్నాం. ఎండెక్కుతోంది. "అన్నా, తెడ్లేద్దాం" అంటే, "ఒక్కసారి, ఇంకొక్కసారి" అంటాడు. ఆఖరికి తెడ్లే గతయ్యాయి. చేతులు బొబ్బలెక్కేలా వేశాంరా. రేవుకి చేరేసరికి లాంచి లేదు. అది కట్టే చోట నీళ్ళ మీద నూనె తెట్టు తేలుతోంది. దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

రేవులో పెట్రోలు కొట్టు నడిపే చీనా ఆయన మాకు బాగా తెలిసినవాడే, పేరు ఆ-సెంగ్. మమ్మల్ని చూసి జాలిపడి, నేను చూస్తానుండమని పడవలోకి దిగాడు. డబ్బా మూత వదులు చేశాడో లేదో, బుస్సుమని గాలి పీల్చుకుంది. ఆయన పడీపడీ నవ్వాడు. "ఏంటయ్యా బెలయోంగ్, మూత మీద గాలి మర బిగించేసి తిరుగుతున్నావా? డబ్బాకి ఊపిరాడకపోతే మోటారుకి పెట్రోలెలా వస్తుంది? రోజూ నీకిది ఎవరు తిప్పుతారు?"

నాకప్పుడు వెలిగింది, ఆ "ఊఁ" ఏమిటో. మోసేటప్పుడు ఒలక్కుండా మర బిగించేదీ ఆవిడే, పడవలో పెట్టాక వదులు చేసేదీ ఆవిడే. తిప్పేసి "ఊఁ" అనేది. పరాయివాళ్ళ మోటారైతే మా అన్న ముందు ఆ మరే చూసేవాడు, తెలీక కాదు. తన డబ్బా మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు, అది చూసుకునే మనిషి ఉంది కదా అని. వదిన ఆఖరిసారి బిగించిన మర అలాగే ఉంది, ఆవిడ వెళ్ళాక ఆ డబ్బా ఏట్లోకి దింపింది ఆ రోజే. డబ్బాలో ఉన్న గాలితో మొదటిసారి, నేను మూత తీసినప్పుడు దూరిన గాలితో రెండోసారి వంపుదాకా పోయింది. పాపం మా అమ్మ, పుని తీరిపోయిందనుకుంది.

కబురు పంపకేం, పంపాం. మోటారు లేవలేదమ్మా, అందుకే రాలేకపోయాడని. వదిన నవ్విందట. "ఏట్లో మోటార్లన్నీ లేపేవాడికి నా కోసం వచ్చే రోజే లేవలేదా? రావడం ఇష్టం లేదని చెప్పమనండి, మర్యాదగా ఉంటుంది" అందట. ఎవరు నమ్ముతారు చెప్పు? నేనైనా నమ్మను. అన్నా, వెళ్ళి కాళ్ళు పట్టుకో అంటే, "ఏమని చెప్పనురా, మర తిప్పలేదని చెప్పనా?" అనేవాడు. తర్వాత ఆవిడ అక్కడే ఇంకొకర్ని కట్టుకుంది. మంచివాడేనట. మంచిదే. కానీ ఆ కాపురం పోయింది దేనివల్లరా? ఇంత చిన్న మర, చిటికెన వేలి గోరంత ఉండదు.

ఆ తర్వాత మా అన్న ఆ మర ఇంక బిగించలేదు. మోసేటప్పుడు కూడా. డబ్బా తనే వీపున వేసుకుని గట్టెక్కేవాడు, అడుగడుక్కీ పెట్రోలు ఒలికి చొక్కా తడిసిపోయేది, వీపంతా పుండ్లు పడేవి. "బిగించుకోరా నాయనా, నిప్పంటుకుంటే ఏం గాను" అని అమ్మ ఏడ్చేది. వినలేదు. ఎవరి మాట విన్నాడు గనక. పోయినప్పుడు కూడా ఆయన పక్కలో పెట్రోలు వాసనే.

ఏంటలా చూస్తావు? లే, ఈపాటికి ఆరుంటుంది నీ మోటారు. వెళ్ళి లాగు. ఆగాగు, మీ అమ్మ అన్నం పెట్టినట్టుంది, పిలుస్తోంది. తినకపోతే పోనీ, వేలితో తాకనైనా తాకి వెళ్ళు.