తొమ్మిది నల్ల చిప్పులు

చెల్లెలు పాత తువాలులో చుట్టి తెచ్చిన మదర్‌బోర్డు అన్నగారి రిపేరు బల్ల మీద ఉంది. ముప్పై ఏళ్ళ కిందట అది ఉన్న కంప్యూటర్ బిగించి ఇచ్చింది ఆయనే. ఇవాళ మాత్రం ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

"కంపెనీ పేరు లేదు, మోడల్ లేదు. ఏమని గుర్తుపట్టమంటావ్ బుజ్జీ? పాత సామాన్లవాడికి పడెయ్."

"ఆన్ చేయగానే స్క్రీన్ అడుగున పొడుగాటి నంబరొకటి పడుతుందిగా అన్నయ్యా. రాసుకుని నెట్‌లో వెతికా. దొరికేసింది."

"దొరికిందా?"

"బొమ్మతో సహా. ఇంతకంటే పెద్ద ప్రాసెసర్ పడుతుందట. వేసిపెట్టు. నేను టైపు చేసిన పాత పుస్తకాలు దీన్లో తప్ప ఎందులోనూ తెరుచుకోవట్లా."

"సరే, ప్రాసెసర్ వేస్తాలే."

"క్యాష్ మెమరీ కూడా పెంచు, స్పీడొస్తుందట. ఈ తొమ్మిది నల్ల చిప్పులూ తీసేసి..."

"వాటి జోలికెళ్ళకు."

"ఏం?"

"టంకం వేసున్నాయి. ఊడదీస్తే బోర్డు పోతుంది."

"నిన్న ఒకటి విరిగింది."

"విరిగిందా? ఎవరు ముట్టుకోమన్నారే నిన్ను?"

"లోపల ఏమీ లేదన్నయ్యా. ఉత్త ప్లాస్టిక్కు. కాళ్ళున్నాయి, కాళ్ళ కింద తీగే లేదు. మరి ఆన్ చేసినప్పుడల్లా క్యాష్ ఉందని చూపించేదేంటి?"

"బోర్డు ప్రోగ్రాములోనే అలా చూపించేట్టు రాసిపెట్టేవాళ్ళు. ఆ రోజుల్లో డొల్లవి చాలా వచ్చాయిలే."

"అవే నిజమైనవైతే?"

"అదీ..."

"నీళ్ళు నమలకు. ఎంత తేడా?"

"పేజీ... సగం టైములో వచ్చేది."

"సగం! ఒక్క పేజీ తిప్పితే టీ తాగొచ్చేదాన్ని నేను. ప్రెస్సువాళ్ళు నాకు పనివ్వడం ఆపేశారు, టైపింగ్ షాపు మూసుకున్నా. 'నీ చెయ్యి నిదానం బుజ్జీ, ఇది నీ వల్ల కాదు' అన్నావ్. అప్పట్నుంచీ దేనికీ చెయ్యి పెట్టలేదు నేను. కడుపు మండిపోతోంది అన్నయ్యా."

"నాకు మాత్రం ఏం తెలుసు? డీలర్ నా కళ్ళల్లోనే దుమ్ము కొట్టాడు."

"నిజంగా తెలీదా?"

"ఒట్టు. సొంత చెల్లెలికి తెలిసి తెలిసి ఇస్తానా?"

"...సరే. పోనీలే."

"హమ్మయ్య. దరిద్రపుగొట్టు సరుకు, పది బోర్డులొస్తే మంచివి రెండే తేలాయి."

"తేలాయా?"

"ఆఁ... అంటే..."

"అంటే పదీ చూశావు."

"బుజ్జీ..."

"ముందే చూశావు. ఆ రెండూ ఎవరికిచ్చావ్?"

"ఒకటి... నా షాపులో పెట్టుకున్నా."

"రెండోది?"

"వదిలెయ్ తల్లీ, పాత సంగతులు."

"రెండోది అన్నయ్యా!"

"మీ షాపు ఎదురుగా టైపింగ్ పెట్టాడే, అతనికి."

"నా పనంతా పట్టుకుపోయినవాడికా? వాడికి మంచిది, నాకు డొల్లదా?"

"వాడు పరాయివాడే. విప్పి చూసుకుంటాడు, గొడవ చేస్తాడు. నువ్వయితే... నేనిచ్చింది విప్పి చూడవుగా."