ఫ్యాను తిరగని గది

1992 జూలై ఒకటో తేదీన మా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో బాధ్యతలు స్వీకరించిన మేడమ్ గారు, ముప్పై మూడు సంవత్సరాల నిరంతర సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. మెట్ల పక్కనున్న వారి గదిలో ఫ్యాను స్విచ్చి మీద ఎప్పుడూ ఒక ప్లాస్టరు ముక్క అతికించి ఉండేది. అందుకే 'ఉక్కపోత మేడమ్' అని పేరు పెట్టాం. ఫ్యాను తిరగకపోయినా, ఆ గదికి ఫ్యాన్లు మాత్రం తక్కువ లేరు.

ఆ ప్లాస్టరుకు ఒక కథ ఉంది. వారు చేరిన రెండో ఏట, మణికట్టు విరిగిన ఒక దర్జీ వచ్చారు. ఎముక చక్కగా అతికింది. నొప్పి అంతకంటే గట్టిగా అతుక్కుంది. చొక్కా తగిలినా, ఫ్యాను గాలి సోకినా చేయి నిప్పులా మండేది. "ఎక్స్‌రే బాగుందిగా, ఇదంతా నటన" అని కొట్టేశారు ఆయనతో కలిసి కొట్టు నడిపే అన్నగారు. కొట్టు మూసేద్దామనీ అన్నారు. నాటి పద్ధతి ప్రకారం మేడమ్ గారు బిగిసిన పిడికిలిని బలవంతంగా తెరవబోయారు. కేక గేటు దాకా వినిపించింది. దర్జీ మళ్ళీ రాలేదు.

వారం చూసి, మేడమ్ గారే కొట్టుకు వెళ్లారు.

"మీ మీద చేయి చేసుకున్నాను బాబాయ్, తప్పయింది."

"తప్పు సంగతి వదిలెయ్యమ్మా. ఈ చేయి కత్తిరించి పారెయ్యి."

"కత్తిరించడం మీ పని. మాది అతుకులేసే పని. ఈసారి మీరు ఊఁ అంటేనే ముట్టుకుంటాను."

"నొప్పి నిజమేనంటావా?"

"నిజమే. మీ అన్నయ్యగారు వింటుండగానే చెప్తున్నా."

ఆ మర్నాడే స్విచ్చి మీద ప్లాస్టరు పడింది. రెండు చేతుల మధ్య అద్దం నిలిపి, బాగున్న చేయి కదులుతుంటే బాగులేని చేయే కదులుతున్నట్టు ఆయనకు చూపించారు. ఆయన కొట్టులోని గుడ్డపీలికలతోనే, ముందు పట్టు, తర్వాత నూలు, చివరికి గోనె, అడిగి అడిగి తాకించారు. ఎనిమిది నెలలు పట్టింది. ఒక ఎండ మధ్యాహ్నం దర్జీ తనే లేచి, ఆ చేత్తోనే ప్లాస్టరు పీకి, స్విచ్చి నొక్కి, గాలికింద అరచెయ్యి చాపి నిలబడ్డారు.

"ఈ కొలిమిలో ఎట్లా కూర్చున్నావమ్మా ఇన్నాళ్లూ?"

మేడమ్ గారు ఆయన్ని సాగనంపి, ఫ్యాను ఆపి, ప్లాస్టరు మళ్ళీ అతికించారు. బయట బల్ల మీద మరొకరు కాలు పట్టుకుని కూర్చున్నారు.

2009లో విభాగాధిపతి అయిన పిమ్మట కూడా వారు గది మారలేదు. అడగకుండా రోగిని ముట్టుకున్న జూనియరును మాత్రం క్షమించలేదు. మూడు దశాబ్దాలు ఇతరుల కోసం ఉక్కలో కూర్చున్న మేడమ్ గారు, ఇకమీదట ఇంట్లో ఫ్యాను ఐదో నంబరు మీద పెట్టుకుని, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని మా అందరి ఆకాంక్ష.