మంచుకొండ కింద రాహుకాలం

1984 ఫిబ్రవరి. కొలరాడోలో ఓ మంచుకొండ కింద కారాపుకుని, ట్రాయ్ అనే ఊరి నుంచి వచ్చిన బావా బావమరుదులు తొమ్మిదింటి నుంచీ కూర్చున్నారు. బావమరిదికి ఒళ్ళు మండిపోతోంది.

"మంచెక్కడానికని ఐస్ యాక్స్ కొన్నావు, బూట్లు కొన్నావు, తీరా ఇక్కడికొచ్చాక రాహుకాలమా బావా?"

"పదిన్నర దాకా కారు దిగేది లేదు. మీ అక్కకి మాటిచ్చాను."

"అసలు రాహువుకి అమెరికా వీసా ఎవరిచ్చారు?"

అంతలో పైన ఏదో పేలినట్టయింది. వాళ్ళు ఎక్కాల్సిన వాలు మీది మంచు మొత్తం ఒక్కసారిగా జారి, దారినీ చెట్లనీ కప్పేసింది.

బావమరిది కారు అద్దం దించి, తల బయటికి పెట్టి చూశాడు.

"బావా, ఇక జన్మలో రాహుకాలాన్ని ఎగతాళి చెయ్యను. అవునూ, ఇవాళ శుక్రవారం కదా? రాహుకాలం పదిన్నరకి కదా మొదలయ్యేది?"

"అవును."

"మరి?"

"మనం రాగానే నువ్వు కాఫీ తెస్తానని వెళ్ళినప్పుడు ఫారెస్ట్ రేంజర్ పెట్టిన బోర్డు చదివాను. రాత్రి కొత్త మంచు పడింది, జారిపోవచ్చు, ఎక్కొద్దని రాశాడు."

"ఆ ముక్కే చెప్పొచ్చుగా!"

"భయమేస్తోందంటే, ట్రాయ్ అంతా టాంటాం వేసి నన్ను వెక్కిరించడానికైనా ఒక్కడివే ఎక్కేవాడివి. రాహుకాలమంటే తిట్టుకుంటూనైనా కూర్చున్నావు."