నల్ల కిటికీలో దూరిన గిరిప్రసాద్ తాత

పిల్లలూ, మన గిరిప్రసాద్ తాత నల్ల కిటికీలో దూరిన కథ మీరు వినలేదు. సెలవులకు హోసూరుకు పోయిన రెండు రోజులూ మీరు నిద్రలో ఉంటారు, లేకపోతే ఫోనులో ఉంటారు. ఆ పొద్దు అరుగు మీద నేనూ ఉన్నాను కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను. తాత మనసులోని సంగతులు మాత్రం తర్వాత ఆయనే చెప్పుకున్నవి, నేను కల్పించినవి కావు.

హోసూరు పక్కనుండే బాగలూరు పూల రైతుల సంఘానికి ఒక వెబ్‌సైటు ఉంది. రోజూ పొద్దున్నే రోజా, చామంతి ధరలు అందులో పెడతారు. ఆ ఫైళ్లన్నీ ఉండే సర్వరు అనే పెద్ద కంప్యూటరు ఎక్కడో సింగపూరులో ఉంటుంది. దాన్ని ఇంట్లో కూర్చునే చూసుకునేది నమిత అత్త, అంటే తాత తమ్ముడి కోడలు. మౌసు ముట్టదు. ల్యాప్‌టాప్ తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి తెల్లటి అక్షరాలతో ఒక్కొక్క మాటే కొడుతుంది, సింగపూరులో ఫైళ్లు లేచి నడుస్తాయి. ఎవరిని కదిపినా నమిత, నమిత. ఎరువుల అంగడి నడుపుకుంటూ ఇన్నేళ్లు సంఘానికి కార్యదర్శిగా ఉన్న తాత పేరు ఎత్తేవాళ్లే లేరు. పైగా మొదటి పేజీలో నమితకు శాలువా కప్పుతున్న ఫోటో. దాని అంచున తాత సగం మొహం. మిగతా సగం కత్తిరింపులో పోయింది. ఆ సగం మొహం కనబడినప్పుడల్లా తాతకు కడుపు మండేది.

ఆ ఆదివారం సంఘం తాత ఇంటి అరుగు మీదే కూడింది. ఇకమీద సర్వరు నమిత చూసుకోవాలా, తాత చూసుకోవాలా అన్నది తేల్చాలి. నమిత గడప దగ్గర కూర్చుని ఉంది. తాత గొంతు సవరించుకున్నాడు.

“నిన్న నమిత కృష్ణగిరికి పెండ్లికి పోయింది గదా. అవసరానికి ఉండనీ అని పాస్‌వర్డు నాకిచ్చి పోయింది. సరే చూద్దామని నల్ల కిటికీ తెరిచినాను, సర్వరు పేరు కొట్టినాను, పాస్‌వర్డు కొట్టినాను, తలుపు తీసింది. లోపల ఏమేముండాయో చూపించమని రెండే అక్షరాలు కొడితిని, అంతే అప్పా, ఫైళ్ల పేర్లు కెలవరపల్లి డ్యాము గేట్లు ఎత్తినట్టు దూకినాయి!”

“నురగతోనా, నురగ లేకుండానా?” అన్నాడు రోజాతోట వరదప్ప. ఆ డ్యాములో నీళ్లకంటే నురగే ఎక్కువ.

“వినప్పా! అప్పుడు ఆ ఫైళ్లుండే అర నుంచి పై అరకు పొమ్మని కొట్టినాను. పోయింది. ఇంకా పైకి పొమ్మన్నాను. పోయింది. అట్లా పోగా పోగా పైన ఒక్క వాలుగీత ఉంటుంది, దాని మీద ఇంకేమీ లేదంటారు. నమిత ఆడికి పోయి ఆగిపోతుంది, చిన్నపిల్ల, పాపం. నేను ఆగుతానా? ఇంకొక్కసారి కొట్టినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సింగపూరు కప్పు ఊడి పక్కకు పడింది! భూమ్మీదుండే కంప్యూటర్లన్నీ కిందుగా వరసకట్టి, మన పూలతోటల ప్లాస్టిక్ పాలీహౌసుల మాదిరి తెల్లగా!”

“అంత పైన చలి లేదా సామీ?” అన్నాడు వరదప్ప.

“మా ఇంటామె మనోరమ శాలువా తెచ్చి కప్పింది, అడుగు. ఆడి నుంచి హాలెండు పూల మార్కెట్టు కనబడింది. మన రోజాల ధర పక్కన ఒక సున్నా తగిలించినాను. ఓడలు నిలబడిపోయినాయప్పా! వాళ్ల పెద్దాఫీసరు ఫోన్ చేసి, సున్నా తీసేయండి సార్ అని ఏడుపు.”

“ఏ భాషలో ఏడ్చినాడు?”

“కన్నడంలో. హోసూరంటే కన్నడం కూడా కావాలని వాళ్లకు తెలీదా? సరే పోనీ అని తీసేసినాను. కిందికి దిగి చూస్తే మన సర్వరు నిండా చెత్త. నమిత ఊడ్చదు గదా! చెరుపు అని ఒక్క మాట, పక్కన ‘అన్నీ’ అని ఒక చుక్కగుర్తు. ఊడ్చేసినాను! బరువంతా పోయేసరికి సింగపూరులో ఆ కంప్యూటరు నేల విడిచి లేచిందంట. మోకులేసి కట్టినారు. ఆ చెత్తలో మొదటి పేజీ శాలువా ఫోటో కూడా పోయింది, ఏం చేసేది.”

వరదప్ప ఫోను తీసి, నాలుగుసార్లు వేలితో రుద్ది, అందరి వైపూ తిప్పాడు. శాలువా ఉంది, నమిత ఉంది, అంచున తాత సగం మొహం ఉంది.

“ఇదేందప్పా, మోకు తెంపుకొని వచ్చిందా?”

అరుగంతా నవ్వు. నమిత ఒక్కతే నవ్వలేదు.

“మామయ్యా, మధ్యలో లేచి పోయినారా?”

“కాఫీకి పోయినాను. అయితే?”

“అంతలోపల లైను తెగిపోయి ఉంటుంది. వచ్చి చూస్తే కిటికీ అట్లే నల్లగానే ఉంటుంది, మీరుండేది మాత్రం మీ ల్యాప్‌టాప్‌లోనే. చెరిపే ముందు, నేను యాడ ఉండానని దాన్ని అడిగినారా?”

“నా ఇంట్లో కూర్చుని నేను యాడ ఉండానో నేను అడగాల్నా?” అన్నాడు తాత. కానీ గొంతు దిగిపోయింది. శాలువా ఫోటో తీసేసి, పట్టుపంచెలో నిండు మొహంతో తానున్న ఫోటో పెట్టాలని, ఆ కిటికీని తాను తెరిచింది తన ల్యాప్‌టాప్‌లో, కూతురు సాయిప్రియ పెండ్లి ఫోటోల అరలో. ఆ సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

లోపలికి పరుగెత్తాడు. అర ఖాళీ. కూతురి పెండ్లి ఫోటో ఒక్కటి లేదు. వెనకే వచ్చిన మనోరమ అవ్వ గోడకు ఆనుకుంది.

నమిత వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. “పెండ్లికి రాలేనోళ్ల కోసం అప్పుడే ఒక కాపీ ఆడ సర్వరులో పెట్టినాను మామయ్యా,” అని, తెమ్మని ఒక మాట కొట్టింది. తెల్లటి పేర్లు ఒకటి కింద ఒకటి దిగడం మొదలుపెట్టాయి. దిగినవి దిగినట్టే తాత తెరిచి చూశాడు. అల్లుడి కాళ్లు కడుగుతూ తాను, అక్షింతలు వేస్తూ తాను, అన్నిట్లో నిండు మొహం. కడదాకా చూసి మళ్లీ మొదటికి వచ్చాడు.

“నువ్వు ఒక్కదాంట్లోనూ లేవే?”

“తీస్తా ఉండింది నేనే గదా మామయ్యా.”

తాత అరుగు మీదికి వచ్చి, “సర్వరు నమిత దగ్గరే ఉండనీ,” అని కూర్చున్నాడు. అప్పుడు తలెత్తి, “కాపీ పెట్టిందో లేదో చూద్దామనే చెరిపినాను, తెలుసా?” అన్నాడు.

పిల్లలూ, రేపు మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. కంప్యూటరు నేల విడిచి లేచిన ముక్క వదలొద్దు, తాత నొచ్చుకుంటాడు. యాడ ఉండానని ముందు అడగాలన్న ముక్కా వదలొద్దు. దూరాన పెరుగుతున్నారు, నా భయమంతా అదే.